తాళ్ళపాకవారు

తెలుగువారి యింటిపేర్లలో అధికభాగము ఊళ్ళ పేర్లే. ఒక కుటుంబము ఏ కరవువలననో, ఏ కొలువుకొఱకో తన యూరు విడిచి వేఱొక చోటికి తరలినప్పుడు, అచ్చటివారు వారిని గుర్తించుటకై పాతయూరి పేరు చేర్చి పిలుచుటయు, ఆ పిలుపే రెండు మూడు తరములు గడచునప్పటికి వారి పేరులో విడరాని భాగమై నిలుచుటయు మన దేశమున సామాన్యముగ జరిగిన విషయము. ఉన్న యూరిలో అందఱును ఆ యూరివారే కావున అచ్చట దాని ప్రసక్తి యుండదు. కదలినవానికే అది గుర్తు. చిత్తూరునకు ఆనుకొని యుండిన కట్టమంచి యను చిన్న గ్రామము, రామలింగారెడ్డిగారి పేరునకు ముందక్షరమై కేంబ్రిడ్జి దాక పయనించి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ప్రథమోపాధ్యక్షుని పేరిట దేశమంతటను వినబడినది.

1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఉత్తరార్కాటు జిల్లానుండియు కడప జిల్లానుండియు కొన్ని తాలూకాలను విడదీసి కూర్చిన చిత్తూరు జిల్లా ఈ నామవిషయమున ఒక సంధిస్థలము. ఇచ్చట తెలుగు సంప్రదాయము ననుసరించువారు పేరునకు ముందు ఇంటిపేరు నుంచుకొందురు. అరవ సంప్రదాయము ననుసరించువారు తండ్రి పేరిలోని మొదటి యక్షరము నుంచుకొందురు. ఈ రెండు ఆచారముల నడుమ మూడవది యొకటి కూడ పుట్టినది. ఉప్పలదడియము అను అరుదైన యింటిపేరు గల నాగయ్యగారిని ఆ పేరుతో ఎఱిగినవారు మిక్కిలి తక్కువ; పోతనగను, త్యాగయ్యగను, వేమనగను వెండితెరమీద కన్పట్టిన ఆ మహానటునికి చిత్తూరే యింటిపేరైనది. సంగీతవిద్వాంసులైన సుబ్రహ్మణ్యపిళ్ళగారికిని ఆ యూరే పేరునకు ముందు చేరినది. కావున ఇంటిపేరు కలిసినంత మాత్రమున చుట్టరికము కలుపరాదు. రాళ్ళపల్లి యనగానే ఒక తరమువారికి పండితులైన అనంతకృష్ణశర్మగారును, తరువాతి తరమువారికి నాటకములనుండి చలనచిత్రములకు వచ్చిన నటుడును స్మరణకు వత్తురు. శర్మగారి పేరులోనిది అనంతపురము సీమలోని వారి స్వగ్రామము.

అయినను, ఇంటిపేరును రక్తసంబంధమును రెండును ఒక్కటైయుండి, ఆ యింటివా రొక్కొక్కరు ఒక్కొక్క రంగమును చేపట్టి, అన్నింటను పేరు నిలిపిన ఉదాహరణము తిరుపతిలో నొకటి కలదు. జర్మనీదేశమున బాఖ్ వంశమువారు తరతరములుగ సంగీతమునే సేవించిరి. స్విట్జర్లండులో బెర్నూలీ వంశమువారు ప్రధానముగ గణితమునే సేవించిరి. తాళ్ళపాకవారి చరిత్ర అట్టిది కాదు. ఆ యింట గాయకు డున్నాడు, కవయిత్రి యున్నది, లాక్షణికు డున్నాడు, చరిత్రకారు డున్నాడు, దేవాలయజీర్ణోద్ధారకు డున్నాడు, పుష్కలముగ ధనము నార్జించి దానిని ధర్మమునకు వినియోగించిన దాత యున్నాడు. వీరిలో లోకమునకు తెలిసినవాడు ఒక్కడే. తక్కినవారు లేనిచో ఆ యొక్కడును నేడు మనకు మిగిలియుండెడివాడు కాడని నా నిశ్చితాభిప్రాయము.

తాళ్ళపాక కడప సీమలో రాజంపేటకు చేరువనున్న గ్రామము. అచ్చటి నందవరీక బ్రాహ్మణకుటుంబమున నారాయణసూరికిని లక్కమాంబకును జన్మించిన అన్నమయ్య, చిన్ననాడే యిల్లు విడిచి తిరుమల కెక్కి, ఘనవిష్ణువను వైష్ణవయతివలన దీక్షపొంది అన్నమాచార్యుడైన కథ మనవారందఱును ఎఱిగినదే గాన దానిని విస్తరింపను. ఆయన కాలనిర్ణయమునకు మనకున్న గట్టి యాధారము రాగిరేకులపై చెక్కబడిన యొక చిన్న వచనము. శాలివాహన శకము 1346 అగు క్రోధి సంవత్సరమును, అన్నమాచార్యులకు పదునాఱేండ్లు వచ్చినప్పుడు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమగుటను, అది మొదలు శకము 1424 అగు దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు ఆయన సంకీర్తనములు చెప్పుటను అది తెలుపుచున్నది. దీనినిబట్టి విద్వాంసులు పెక్కుమంది ఆయన జననమును 1408గను, నిర్యాణమును 1503గను లెక్కించిరి. తన కవి యెన్నడు పాడ మొదలిడెనో, ఎన్నడు చాలించెనో తేదీతో సహా లోహముపై వ్రాయించి యుంచిన వంశము తెలుగు సాహిత్యచరిత్రలో మఱియొకటి నాకు కన్పట్టలేదు.

అన్నమాచార్యుని భార్యలలో ఒకరైన తిమ్మక్క ఈ యింటికి వచ్చిన కోడలు. తెలుగున మనకు దొరికినంతలో తొలి కవయిత్రిగ పరిగణింపబడుచున్న ఈమె, సుభద్రాకల్యాణమును మంజరీద్విపదలో రచించినది. తీర్థయాత్రకు వచ్చిన అర్జునుడు సన్న్యాసివేషమున ద్వారకలో నిలుచుటయు, సుభద్ర అతనికి పరిచర్య చేయుటయు మహాభారతమునుండి వచ్చిన కథయే. కాని తిమ్మక్క చేతిలో అది పెండ్లియింటి స్త్రీలు కూర్చుండి పాడుకొన దగిన పాటగ మారినది. సమాసభారము లేదు, పలుకుబడి యంతయు ఇంటిలోనిది. అన్నమయ్య ఏ జనుల నోటికొఱకు పదములు కట్టెనో ఆ జనులలో సగము స్త్రీలని తెలిసిన రచయిత్రి యీమె. కృతిలో ఈమె తన్ను తాళ్ళపాక అన్నయ్య ఇల్లాలుగ చెప్పుకొన్నది. పుట్టినింటి పేరు మనకు మిగులక, మెట్టినింటి పేరే ఈమెకు చరిత్రలో స్థానము కల్పించినది. ఇట్లే ఆ యింటి ఆడపడుచుల సంతతివాడైన రేవణూరి వేంకటాచార్యుడు శ్రీపాదరేణు మాహాత్మ్యమును, శకుంతలా పరిణయమును రచించి వేఱొక యింటిపేరిట ఆ కవిత్వమును కొనసాగించెను. తాళ్ళపాక కవులను లెక్కించునప్పుడు తిమ్మక్కను చేర్చి వేంకటాచార్యుని విడుచుట మన లెక్కలలోని లోపమే గాని వారి రక్తములోనిది కాదు.

ఇక ఈ వంశమున నాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించు వ్యక్తి అన్నమయ్య కుమారుడైన పెదతిరుమలాచార్యుడు. తండ్రి పాటలతో సమానమగు పాటలను తానును వ్రాసెను. వేంకటేశ్వర వచనములు, నీతిసీస శతకము, చక్రవాళ మంజరి, సుదర్శన రగడ, శృంగార దండకము, ఉదాహరణము మున్నగు ఎన్నియో ప్రక్రియలను చేపట్టెను. భగవద్గీతకు తెలుగు వచనము సంతరించెను. అంతటితో ఆగక, ఏ పదమున సాధురేఫ ముండవలెనో, ఏ పదమున శకటరేఫ ముండవలెనో నిర్ణయించు రేఫఱకార నిర్ణయమను లక్షణగ్రంథమును కూడ వ్రాసెను. భక్తిపారవశ్యమున పాడువాడు అక్షరములను ఇంత సూక్ష్మముగ పట్టించుకొనునా యని సందేహించువారు ఆయన చేపట్టిన మహాకార్యమును తలచుకొనవలెను. తండ్రి సంకీర్తనములను, తన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కింపవలసినవానికి ఏ యక్షరము సరియైనదో ముందుగ తేలవలసియుండెను. తాటాకుపై తప్పును తిరుగవ్రాయవచ్చును, రాగిపై తీర్చుట దుష్కరము.

చెక్కించుటకు ధన మెక్కడినుండి వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము తిరుమల గోడలమీది శాసనములలో కలదు. అచ్యుతదేవరాయలును, తరువాత సదాశివరాయలును విజయనగరమును ఏలిన కాలమున శ్రీవారికి కైంకర్యములు సమర్పించిన ప్రముఖ దాతలలో తాళ్ళపాకవా రొకరు. అప్పటి ధర్మపద్ధతి మిక్కిలి పరిశీలింపదగినది. దాత ధనమునో గ్రామమునో ఆలయభాండాగారమునకు సమర్పించును. ఆ ధనముతో దేవస్థానమువారు ఆలయగ్రామములలో చెఱువులు త్రవ్వించి, కాలువలు తీయింతురు. నీరు పాఱి హెచ్చైన పంటలోనుండి ఆ దాత పేరిట నిత్యము నైవేద్యము జరుగును. నివేదితమైన ప్రసాదములో నాలుగవ పాలు దాతకు చెందును. ఈ భాగమును అరవమున విట్టవన్ విళుక్కాడు అని శాసనములు పేర్కొనినవి. ఎండి పగిలిన రాయలసీమ నేలపై చెఱువునీటిని, దేవుని పళ్ళెరములోని యన్నమును, యాత్రికుని ఆకలిని ఒక్క సూత్రమున ముడివైచిన ఈ యేర్పాటును నడుపుటకు లెక్కలు తెలిసిన బుద్ధి కావలెను. పెదతిరుమలాచార్యునికి అది యుండెను. అరవమున వ్రాయబడిన శాసనములలో ఆయన తిరుమలయ్యంగారుగ కన్పట్టును. ఊరిపేరు మాత్రము ఆ భాషలోను ఆయనను విడువలేదు.

శ్రీవారి ఆలయములో ఆ రేకులను దాచిన చిన్నగదికి సంకీర్తన భాండాగారమని పేరు; తాళ్ళపాకవారి అర యనియు వ్యవహరింతురు. దాని కిరువైపుల రాతిపై చెక్కిన రెండు మూర్తులలో ఒకటి అన్నమాచార్యునిది, ఒకటి పెదతిరుమలాచార్యునిది. రేకులను చూచినవారికి వాని కూర్పులోని క్రమము వెంటనే గోచరించును. అధ్యాత్మసంకీర్తనములు వేఱు, శృంగారసంకీర్తనములు వేఱు. ప్రతి పాటకును తలమీద రాగము పేరు చెక్కబడియుండును. పల్లవియు చరణములును తెలుగులిపిలో వరుసగ నడచును. తాళము పేరు మాత్రము కానరాదు. ఏ తాళమున పాడవలెనో ఆ యింటివారికి తెలిసియే యుండెను గావున దానిని చెక్కింపలేదని తలచుటకు వీలున్నది. పాడువారు పోయినప్పుడు తాళమును వారితోనే పోయినది. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనములు చెప్పెనని ఆయన మనుమడు వ్రాసియుండగ, దొరికిన రేకులలో నున్నవి రమారమి పండ్రెండువేలకు పైబడి కలవు.

ఆ మనుమడే చిన్నన్న. పూర్తి పేరు తాళ్ళపాక చినతిరువేంగళనాథుడు. పాటను అన్నలకు విడిచి ఈయన ద్విపదను పట్టుకొనెను. పరమయోగి విలాసము, అష్టమహిషీ కల్యాణము, ఉషాకల్యాణము ఆయనవి. అన్నింటికంటె మనకు విలువైనది తాతగారి జీవితమును కావ్యముగ వ్రాసిన అన్నమాచార్య చరిత్రము. రాజుల చరిత్రమును, అవతారపురుషుల చరిత్రమును వ్రాయుటయే పరిపాటిగ నున్న ఆ దినములలో, ఒక పాటకాని జీవితము కావ్యవస్తువు కాదగునని తలచుట సాహసమే. అన్నమయ్య తాత చదువునకై ఊటుకూరు పోవుట మొదలు, పెనుగొండలో సాళువ నరసింహరాయలు అన్నమయ్యను తనపై పాడుమని కోరి సంకెల వేయించుట వఱకు మనము నేడు చెప్పుకొనుచున్న కథ యంతయు చిన్నన్న చెప్పినదే. మహిమలను తొలగించి చూచినను, ఆ కావ్యమున పదునైదవ శతాబ్ది గ్రామజీవనము, చదువులు, ప్రయాణములు మనకు దర్శనమిచ్చును.

చిన్నన్నకు అన్న యగు చినతిరుమలాచార్యుడు లక్షణమును, నిర్మాణమును రెండింటిని చేపట్టెను. అన్నమయ్య సంస్కృతమున సంకీర్తన లక్షణము వ్రాసెను. ఆ మూలము నశించినది. చినతిరుమలాచార్యుడు దానిని తెలుగు పద్యములలో పెట్టుటచేతనే అందలి విషయము మనకు దక్కినది. పదమునకు లక్షణ మేమి, దానికిని గేయమునకును భేదమేమి యను చర్చ తెలుగున ఇంత ప్రాచీనకాలమున జరిగెననుటకు ఇదియే సాక్ష్యము. తిరుపతికి పడమట, చంద్రగిరి త్రోవలో శ్రీనివాసమంగాపురమున పాడువడియుండిన కల్యాణ వేంకటేశ్వరుని ఆలయమును ఉద్ధరించి, పూజలు మరల జరుగునట్లు చేసినవాడును ఈతడే. 1540 నాటి శాసన మొకటి ఈ విషయమును అచ్చట నేటికిని చాటుచున్నది. కొండకు పోలేని వృద్ధులును, రోగులును, క్రొత్తగ పెండ్లియైన దంపతులును ఆ ఆలయమున స్వామిని సేవించి తృప్తినొందుచుండుట మన మెఱుగుదుము; వారికి ఆ ద్వారము తెఱచినవారు తాళ్ళపాకవారు. చినతిరుమలాచార్యుని కుమారుడు తిరువేంగళప్ప సంస్కృతమునుండి అమరుకకావ్యమును తెనిగించెను. నాలుగు తరములు నిండునప్పటికి ఈ యింటివారు చేపట్టని సాహిత్యప్రక్రియ తెలుగున అరుదైపోయినది.

1565లో రాక్షస తంగడి యుద్ధముతో విజయనగర ప్రభ తగ్గినది. దాతలు తగ్గిరి, పాడువారును క్రమముగ తగ్గిరి. ఆలయసేవలో మాత్రము ఆ యింటిపేరు చెదరలేదు. వేకువజామున సుప్రభాతవేళ తంబుర పట్టి మేలుకొలుపు పాడుటయు, రాత్రి ఏకాంతసేవలో లాలి పాడుటయు, కల్యాణోత్సవమున కన్యాదాతల స్థానమున నిలుచుటయు తాళ్ళపాకవారికి సంక్రమించిన గౌరవములు. వేలకొలది పాటలలో కొన్ని యిట్లు సేవలో నిలిచెను. తక్కినవి యా చీకటిగదిలో శతాబ్దములు గడపెను.

గది యున్నదని లోకులు పూర్తిగ మఱచిరనుట సరికాదు. అందేమున్నదో మఱచిరి. 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన ఏ.డి. కాంబెల్ దొరకు, తిరుపతి దేవాలయమున రాగిరేకులపై ప్రాచీనమైన వ్యాకరణగ్రంథ మొకటి యున్నదని యెవరో చెప్పిరి. ఆయన ఆసక్తితో వానిని పరిశీలింపజేయగా, అవి వ్యాకరణము కాదనియు, దేవునిమీది స్తోత్రములు మాత్రమేయనియు తేలినది. ఆయన తన గ్రంథపీఠికలో ఆ సంగతి వ్రాసి విడిచెను. ఆయనకు కావలసినది వ్యాకరణము. దొరికినది తెలుగుభాష నోరారా పలికిన వేలకొలది పలుకుబడుల నిధి. ఆ దినమున ఒక్క తెలుగు పండితుడైనను ఆ స్తోత్రములను నకలు వ్రాయింపుమని కోరియుండినచో, మనకు నూఱేండ్లు కలిసివచ్చెడివి. ఈ నష్టమును తలచినప్పుడెల్ల నాకు మనస్తాపము కలుగును.

ఇరువదవ శతాబ్దిలో ఆ పని జరిగినది. దేవస్థానపు శాసనములను చదివి 1930లో వానిపై విపులమైన నివేదికను వెలువరించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తాళ్ళపాకవారి ప్రాశస్త్యమును లోకమునకు చాటిరి. దానధర్మములకు శాసనములు, పాటలకు రేకులు, జీవితమునకు చిన్నన్న ద్విపద. ఈ మూడింటిని కలిపి చదివినగాని ఆ వంశము బోధపడదు. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ఏండ్లకొలది తాటాకుల నడుమ గడపి, పిదప తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయమునకు వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అట్టి చదువు చదివిరి. వారి సుదీర్ఘమైన పీఠికతో అన్నమాచార్య చరిత్రము 1949లో వెలువడినది. మఱుసటి యేడాది శాస్త్రిగారు పరమపదించిరి. వారి తరువాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు సంకీర్తనముల పరిష్కరణమును చేపట్టి, సాహిత్యమునందును సంగీతమునందును సమానమైన అధికారము కలవారగుటచే, పాటలకు స్వరములు కూర్చి వానిని మరల గొంతులకు అందించిరి. రేకులమీద తాళము లేదని వెనుక చెప్పితిని గదా. ఆ లోటును తీర్చిన తొలివారిలో శర్మగా రొకరు.

ఇచ్చట వేటూరివారిని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టిన ప్రభాకరశాస్త్రిగారు తాళ్ళపాకవారి కావ్యములను పరిష్కరింపగా, వారి కుమారులు ఆనందమూర్తిగారు తాళ్ళపాక కవుల కృతులలోని వివిధ సాహితీప్రక్రియలపై పరిశోధనగ్రంథము వ్రాసిరి. శాస్త్రిగారి తమ్ముని కుమారులు సుందరరామమూర్తిగారు చలనచిత్రగీతములతో ఆంధ్రదేశమంతట మాఱుమ్రోగి, 1997లో అన్నమయ్య జీవితముపై చిత్రము వచ్చినప్పుడు దానికి పాటలు వ్రాసిరి. ఒక యింటిపేరువారి నాలుగు తరముల కృషిని, వేఱొక యింటిపేరువారు ముగ్గురు మూడు రంగములలో నిలిచి మనకు చేర్చిరి. ఇది యాదృచ్ఛికమని తీసివేయుటకు నా మనసొప్పదు. ఒక విద్య యింటిలో పుట్టి పెరిగినప్పుడు పిల్లలందఱును అదే పని చేయవలసిన విధి లేదు. ఆ విద్యకు చుట్టునున్న పనులను, అనగా వ్రాయుటను, దాచుటను, సంపాదించుటను, కట్టుటను, వివరించుటను తలా యొకటి పంచుకొన్నప్పుడే అది నిలుచును. తాళ్ళపాకవారు దీనిని ఎవరును చెప్పకయే గ్రహించిరి.

నేడు అన్నమయ్య పేరిట ఉత్సవములు జరుగుచున్నవి, విగ్రహములు వెలసినవి, 1978లో దేవస్థానమువారు ఆయన పేరిట ప్రత్యేకముగ నొక ప్రాజెక్టును నెలకొల్పిరి, పాఠశాల బాలికలు ఆయన పాటలు కంఠస్థము చేయుచున్నారు. ఇవి సంతోషకరములే. అయినను రాగిరేకులు చెక్కించిన కుమారుని పేరు, లక్షణమును తెనిగించి మంగాపురపు గుడిని నిలిపిన మనుమని పేరు, చరిత్ర వ్రాసిన మఱియొక మనుమని పేరు ఆ బాలికలలో ఎందఱు చెప్పగలరు? సంకీర్తనము నేర్పు గురువులు, నేర్పునప్పుడే ఆ పాట తండ్రిదో కొడుకుదో స్పష్టముగ చెప్పవలెను. అన్నమయ్య ముద్రవైచి పెదతిరుమలయ్య పాటలను పాడుట యిప్పటికిని కచేరీలలో జరుగుచున్నది. తిమ్మక్క సుభద్రాకల్యాణమును అన్నమయ్య జయంతినాడు స్త్రీలచేత పాడింపవలెను. శ్రీనివాసమంగాపురమునకు పోవు పాఠకులు స్వామిని సేవించిన పిదప 1540 నాటి శాసన మెచ్చట నున్నదో అర్చకుల నడిగి చూచి, వెంట నున్న పిల్లలకు దానిని చూపవలెనని నా ప్రార్థన.